దారంతో దిద్దిన ఓనమాలు

తెలుగునాట బిడ్డ చదువు బియ్యంలో మొదలవుతుంది. పళ్ళెంలో పోసిన బియ్యం మీద గురువో తండ్రో వ్రేలు పట్టి దిద్దించిన తొలి అక్షరం మరుక్షణంలోనే చెదరిపోతుంది. తరువాత ఇసుక, ఆ తరువాత పలక. తడిగుడ్డతో తుడిచిన పలక మీద నిన్నటి పాఠం జాడ ఉండదు. ఎంతటి పండితుడైనా తాను మొదట దిద్దిన 'ఓ' ఎంత వంకరగా వచ్చినదో ఈనాడు తీసి చూపలేడు. బాలల తొలి అక్షరాలకు లోకంలో సాధారణంగా పట్టే గతి ఇదే.

అయితే ఇంగ్లండు, హాలండు, జర్మనీ, అమెరికా దేశాల వస్తు ప్రదర్శనశాలల్లో రెండు వందలు, మూడు వందల ఏళ్ళనాటి పసిచేతుల అక్షరాలు చెక్కు చెదరక నిలిచి ఉన్నవి. అవి కాగితం మీద సిరాతో వ్రాసినవి కావు. అవిసెనారతో నేసిన బట్ట మీద పట్టుదారంతోనో ఉన్నిదారంతోనో కుట్టినవి. కుట్టినవారిలో చాలమంది ఎనిమిది మొదలు పదమూడు ఏళ్ళ లోపు బాలికలు. ఈ గుడ్డలను ఆంగ్లంలో 'శాంప్లర్లు' అంటారు. మాదిరి అని అర్థమిచ్చే లాటిన్ పదం నుంచి ఆ పేరు పుట్టినది. తెలుగులో 'మచ్చుగుడ్డ' అంటే సరిపోతుంది.

ఈ మచ్చుగుడ్డలను ముచ్చటైన పాతవస్తువులుగా చూచి ఆనందించి ఊరుకోవచ్చు. వేలం పాటల్లో వీటికి పలికే ధరలను తలచి ఆశ్చర్యపడవచ్చు. కాని బడిలో పిల్లలకు చదువు చెప్పేవారు వీటిని చూడవలసిన చూపు వేరు. ఒక సమాజం తన ఆడబిడ్డలకు ఏది నేర్పినది, ఏది నేర్పక దాచినది, నేర్పిన ఆ కొద్దిపాటి విద్యతో ఆ బిడ్డలు ఏమి చేసుకొన్నారు అనే మూడు ప్రశ్నలకు ఈ గుడ్డల మీద సమాధానం ఉన్నది.

మచ్చుగుడ్డ పుట్టుకలో పసిపిల్లల ప్రసక్తి లేదు. అచ్చు పుస్తకాలు లేని కాలంలో కుట్టుపని తెలిసిన స్త్రీ తనకు నచ్చిన లతను, పువ్వును, అంచును ఒక గుడ్డపీలిక మీద కుట్టి దాచుకొనేది. కొత్తగా ఏదైనా కుట్టు కనబడితే దానినీ అందులో చేర్చేది. మన ఆడపిల్లలు చుక్కలు లెక్కపెట్టి ముగ్గులను నోటుపుస్తకంలో దింపి దాచుకొనే తీరు ఎరిగినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. మామ్లూకు సుల్తానుల కాలంలో ఈజిప్టు దేశస్థులు కుట్టిన ఇటువంటి గుడ్డలు కొన్ని నేడు ఆక్స్‌ఫర్డులోని ఆష్మోలియన్ ప్రదర్శనశాలలో ఉన్నవి. యూరపులో 1520ల నుంచి జర్మనీలో కుట్టు మాదిరుల పుస్తకాలు అచ్చు కావడం మొదలయినది. అయినా గుడ్డపీలిక వాడుక పోలేదు. పుస్తకం బొమ్మను మాత్రమే చూపుతుంది. గుడ్డ దారపు నడకను కూడా చూపుతుంది.

ఇంగ్లండులో కుట్టిన సంవత్సరం తెలిసిన మచ్చుగుడ్డలలో మొట్టమొదటిది 1598 నాటిది. దానిని కుట్టినది జేన్ బోస్టాక్ అనే ఆమె. అది లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో ఉన్నది. కుక్క, జింక మొదలైన జంతువుల బొమ్మలు, అక్షరమాల, రకరకాల అల్లికల నమూనాలు అందులో కనబడతవి. వాటి మధ్య ఆలిస్ లీ అనే శిశువు 1596 నవంబరు 23న జన్మించినదన్న వార్త కుట్టి ఉన్నది. ఒక ఇంట ఆడబిడ్డ పుట్టిన సంగతిని సూదితో నమోదు చేసిన ఆ గుడ్డ నాలుగు వందల ఏళ్ళు దాటి నిలిచినది.

పదిహేడవ శతాబ్దిలో ఈ గుడ్డలు సన్నగా, పొడుగుగా ఉండేవి. అంచుల నమూనాలు ఒకదాని క్రింద ఒకటిగా వరుసలు తీరి ఉండేవి. పని లేనప్పుడు చుట్టచుట్టి పెట్టెలో దాచేవారు. ఆ కాలంలోనే ఆంగ్లేయులు అట్లాంటిక్ సముద్రం దాటి అమెరికాకు వలస పోయినప్పుడు సూది, దారం, ఈ అలవాటు వారి వెంట వెళ్ళినవి. ప్లిమత్ వలసకు సేనానిగా ఉన్న మైల్స్ స్టాండిష్ కుమార్తె లోరా కుట్టిన గుడ్డ ఆ శతాబ్ది నడిమి కాలానిది. అమెరికాలో తయారయినట్లు తెలిసిన మచ్చుగుడ్డలలో అదే మొదటిదంటారు. ఆమె చిన్న వయసులోనే మరణించినది. తండ్రి కీర్తి చరిత్ర పుస్తకాల్లో ఉన్నది. కుమార్తె చేతిపని మసాచుసెట్సులోని పిల్‌గ్రిమ్ హాల్‌లో ఉన్నది.

పద్దెనిమిదవ శతాబ్ది వచ్చేసరికి మచ్చుగుడ్డ స్వభావమే మారిపోయినది. ఇల్లాలి జ్ఞాపకాల గుడ్డ పోయి బడిపిల్ల అభ్యాసపు గుడ్డ వచ్చినది. పొడుగు తగ్గి చదరమయినది. పెట్టెలోనుంచి లేచి పటం కట్టుకొని గోడ కెక్కినది. పై వరుసల్లో అక్షరమాల, దాని క్రింద అంకెలు, ఆ క్రింద దైవభక్తినో మరణ చింతననో బోధించే నాలుగు పాదాల పద్యం, ఇల్లు, చెట్టు, పక్షుల జంట, చుట్టూ పూలతీగ, చివర కుట్టిన బాలిక పేరు, వయస్సు, సంవత్సరం — ఇది దాని సామాన్య స్వరూపం.

ఆ అక్షరమాలలను నిదానించి చూస్తే విద్యార్థులకు భాషాచరిత్ర పాఠమొకటి దొరుకుతుంది. పాత గుడ్డల్లో చాలవాటిలో ఆంగ్లాక్షరాలు ఇరవై ఆరు ఉండవు, ఇరవై నాలుగే ఉంటవి. ఐ, జే అక్షరాలకు ఒకే రూపం, యూ, వీ అక్షరాలకు ఒకే రూపం చెల్లుతూ వచ్చిన కాలపు జాడ అది. బిడ్డ మరచిపోయిందని తొందరపడి తప్పు పట్టరాదు. మన పాత వాచకాల్లో ఉండిన ఌ, ౡ అక్షరాలు తరువాతి వాచకాల నుంచి తప్పుకొన్నట్లే, అక్కడ లేని అక్షరాలు తరువాత వచ్చి చేరినవి.

అక్షరాన్ని కుట్టడం అంటే పోగులు లెక్కపెట్టడమే. గుడ్డ నేతలోని నిలువు పోగులను, అడ్డ పోగులను రెండేసి చొప్పున లెక్కించి, గుణకారపు గుర్తు వలె ఒక కుట్టు మీదుగా మరొక కుట్టు వేస్తే ఒక చుక్క అవుతుంది. అటువంటి చుక్కలు కొన్ని పేర్చితే ఒక అక్షరం. ఒక్క పోగు లెక్క తప్పితే ఆ తప్పు వెంటనే కనబడదు, నాలుగు వరుసల తరువాత తీగ అంచుకు అతకనప్పుడు కనబడుతుంది. అప్పుడు కుట్టినదంతా విప్పవలసిందే, లేదా తప్పును అట్లే వదలి కొనసాగవలసిందే. అనేక గుడ్డల్లో వరుస చివర చోటు చాలక ఇరికించిన అక్షరం ఉంటుంది. పదం మధ్యలో విడిపోయిన అక్షరం పై వరుసకు ఎగబ్రాకి ఉంటుంది. మూడు వందల ఏళ్ళ తరువాత చూచేవారికి ఆ పసిదాని కళవళపాటు కండ్లకు కట్టినట్లుంటుంది.

ఇక అక్షరాలెందుకు? ఆనాటి ఇంగ్లండు గృహాల్లో దుప్పట్లు, తువ్వాళ్ళు, బల్లగుడ్డలు విలువైన ఆస్తి. పెద్ద ఉతుకు ఏడాదికి కొన్నిసార్లే జరిగేది. ఏ గుడ్డ ఎవరిదో, డజనులో అది ఎన్నవదో తెలియడానికి మూలన ఇంటివారి పేరులోని మొదటి అక్షరాలు, వరుస సంఖ్య, ఎర్రదారంతో కుట్టేవారు. ఆ పని ఇంటి ఆడవారిది, లేదా పనిమనిషిది. కనుక అక్షరాలు, అంకెలు కుట్టడం వచ్చిన పిల్ల ఇంటిపనికి పనికివచ్చే పిల్ల. అక్షరమాల అక్కడ సరస్వతీ కటాక్షం కొరకు కాదు, బట్టల లెక్క కొరకు వచ్చినది.

ఈ మాట కొంత కటువుగా తోచవచ్చు. కాని ఆనాటి విద్యావిధానాన్ని గమనిస్తే నిజమని తేలుతుంది. చదవడం, వ్రాయడం అనేవి నేడు ఒకే విద్యకు రెండు చేతులు. ఆ రోజుల్లో అవి రెండు వేర్వేరు విద్యలు. మతగ్రంథం చదువుకొనడానికి బాలికకు చదవడం నేర్పేవారు. కలం పట్టి వ్రాయడం మాత్రం వ్యాపారానికి, ఉద్యోగానికి పనికివచ్చే మగపిల్లల విద్య. ఆడపిల్ల చేతికి కలానికి బదులు సూది ఇచ్చేవారు. 1754 నుంచి ఇంగ్లండులో వధూవరులు వివాహ రిజిస్టరులో సంతకం చేయవలెనని చట్టం వచ్చినది. సంతకం రానివారు ఒక గుర్తు గీసేవారు. ఆ రిజిస్టర్లను పరిశీలించిన చరిత్రకారుల లెక్క ప్రకారం, ఆ శతాబ్ది నడుమ పురుషుల్లో నూటికి 60 మంది సంతకం చేయగలిగితే, స్త్రీలలో చేయగలిగినవారు 40కి లోపే. వివాహం నాడు కలంతో తన పేరు వ్రాయలేని స్త్రీలలో, పదేళ్ళ వయసులో అదే పేరును దారంతో కుట్టినవారు కొందరైనా ఉండి ఉంటారు. విద్య వచ్చినట్టా, రానట్టా?

అన్ని బడులూ ఒకే తీరున నడువలేదని కూడ చెప్పక తప్పదు. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు ఆడపిల్లల చదువును మొదటినుంచి గౌరవించినవారు. 1779లో వారు యార్క్‌షైరులో స్థాపించిన ఆక్‌వర్త్ పాఠశాల బాలికలు ఆడంబరం లేని రోమన్ అక్షరాలను, కొలతబద్ధమైన చిత్తరువులను కుట్టేవారు. అదే శాఖవారు 1799లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ప్రారంభించిన వెస్ట్‌టౌన్ పాఠశాలలో ఒక అపూర్వమైన పని జరిగినది. పందొమ్మిదవ శతాబ్ది మొదటి దశాబ్దాల్లో అక్కడి బాలికలు పట్టుగుడ్డతో బంతిని కుట్టి, లోపల ఉన్ని కూరి, దాని మీద ఖండాలు, సముద్రాలు, అక్షాంశ రేఖాంశాలు దారంతోను సిరాతోను గుర్తించి భూగోళాలను తయారు చేసేవారు. నక్షత్రమండలాలతో ఖగోళాలను కూడ చేసినవారున్నారు. భూగోళశాస్త్రం బట్టీపట్టే బిడ్డలు అందరూ ఒక్కసారి ఆ బంతిని తలచుకోవలసినది. భూమిని చేతిలో పట్టుకొని, ఒక రేఖాంశం తరువాత మరొక రేఖాంశం సూదితో నడిచి వెళ్ళిన పిల్లకు భూమి గుండ్రమని వేరే చెప్పవలసిన పని లేదు.

ఇంగ్లండులోనూ దేశపటాలను కుట్టిన బాలికలున్నారు. గుణకారపు ఎక్కాలను, పంచాంగపు పట్టికలను కుట్టినవారున్నారు. రఫూ పని కొరకు ప్రత్యేకమైన గుడ్డలు ఉండేవి. కొత్తగుడ్డకు కావాలని చిల్లులు పెట్టి, ఆ చిల్లును దాని నేత తీరులోనే మళ్ళీ నేసినట్లు పూడ్చాలి. చినిగినదానిని పారవేయక బాగుచేయడం ఒక విద్య అని, ఆ విద్యకు పరీక్ష ఉండవలెనని ఆ కాలంవారు నమ్మినారు. ఈ కాలానికి ఆ నమ్మకం మళ్ళీ అవసరమని ఒప్పుకొనక తప్పదు.

సంపన్నుల బిడ్డకు మచ్చుగుడ్డ అలంకారం. పెండ్లిచూపులకు వచ్చినవారి కంట పడేటట్లు హాలులో తగిలించే యోగ్యతాపత్రం. బీదబిడ్డకు అదే బ్రతుకుతెరువు. బ్రిస్టల్ నగరంలో జార్జి ముల్లర్ నెలకొల్పిన అనాథ శరణాలయంలో పెరిగిన బాలికలు కుట్టిన గుడ్డలు ఇందుకు నిదర్శనం. వాటిలో ఇల్లూ చెట్టూ తక్కువ. తెల్లగుడ్డ మీద ఎర్రదారంతో అక్షరమాలలే అక్షరమాలలు. పెద్దవి, చిన్నవి, వంపువి, నిలువువి, వాటి ప్రక్కన సన్నని అంచుల నమూనాలు, అంగుళం జాగా కూడ వదలకుండా. తల్లీ తండ్రీ లేని ఆ పిల్లలు పెద్దవారై పరుల ఇండ్లలో పనికి చేరవలసినవారు. యజమానురాలికి చూపడానికి వారికి ఉన్న ఆధారం ఆ గుడ్డ. అంత సూక్ష్మంగా, అంత తప్పులేకుండా కుట్టిన చేతులను చూచి మెచ్చుకొనేవారు, ఆ చేతులకు ఎంచుకొనడానికి మరొక దారి ఉండెనా అని కూడ అడగవలసి ఉన్నది.

1862లో ఇంగ్లండు ప్రభుత్వం గ్రాంటు పొందే ప్రాథమిక పాఠశాలలకు ఏర్పరచిన నియమావళిలో బాలికలకు కుట్టుపని నిర్బంధమయినది. మగపిల్లలు లెక్కలు చేసే వేళ ఆడపిల్లలు మడతకుట్లు వేసేవారు. తరువాత లెక్కల్లో ఆడపిల్లలు వెనుకబడినారనే మాట ఒకటి పుట్టినది. గంట ఎవరు తీసుకొన్నారో మరచి, ఫలితానికి బిడ్డ బుద్ధిని నిందించే అలవాటు ఒక దేశానికో ఒక కాలానికో పరిమితమైనది కాదు.

ఇంగ్లండు జెండా వెళ్ళిన చోటికెల్ల మిషనరీల వెంట ఈ సూది కూడ వెళ్ళినది. బానిసల వ్యాపారాన్ని బ్రిటన్ 1807లో నిషేధించిన తరువాత, సముద్రం మీద పట్టుబడిన ఓడల నుంచి విడిపించినవారిని ఆఫ్రికాలోని సియెరా లియోన్ తీరంలో దించేవారు. అక్కడి మిషను బడుల్లో ఆఫ్రికా బాలికలు 1820ల నుంచి 1840ల వరకు కుట్టిన మచ్చుగుడ్డలు కొన్ని నిలిచి ఉన్నవి. బడి సవ్యంగా నడుస్తున్నదని చూపడానికి వాటిని ఇంగ్లండులోని దాతలకు పంపేవారు. ఆ గుడ్డల మీద ఉన్న పేర్లు ఇంగ్లీషు పేర్లు. తల్లి పెట్టిన పేరు ఏదో ఆ గుడ్డ చెప్పదు. తన పేరు తాను కుట్టుకొనే పండుగలో కూడ పరుల పేరును కుట్టవలసి వచ్చిన బిడ్డల కథ అది.

ఆ సూదితోబాటు వచ్చిన మరొక పనిముట్టు తెలుగుదేశానికీ చేరినది. పందొమ్మిదవ శతాబ్ది నడిమి కాలంలో స్కాట్లండు నుంచి వచ్చిన మిషనరీ దంపతులు గోదావరి తీరాన నరసాపురం ప్రాంతపు స్త్రీలకు కొక్కెంసూదితో లేసు అల్లడం నేర్పినారు. ఆ విద్య ఇంటింటా పాకి, అక్కడి లేసు విదేశాల బజార్లకు ఎగుమతి అవుతూ వచ్చినది. 1982లో ప్రచురితమైన తన గ్రంథంలో మరియా మీస్ అనే జర్మన్ విదుషి ఆ స్త్రీల స్థితిని వివరించినది. గంటల తరబడి అల్లే ఆ చేతులను లోకం కార్మికుల చేతులుగా లెక్కించలేదు. ఇంట తీరిక వేళ గడుపుకొనే గృహిణులుగానే చూచినది. అందువల్ల కూలి అతిస్వల్పమై పోయినదని ఆమె నిరూపించినది. మచ్చుగుడ్డకూ లేసుకూ ఒక్క పెద్ద భేదం ఉన్నది. మచ్చుగుడ్డ మూలన కుట్టిన పిల్ల పేరు ఉన్నది. సముద్రం దాటి పోయిన నరసాపురం లేసు మీద అల్లిన మనిషి పేరు లేదు.

పేరు ఉండుట అల్ప విషయం కాదు. ఆ బాలికల్లో అధిక సంఖ్యాకులు తరువాత ఏమైనారో ఏ గ్రంథమూ చెప్పదు. పెండ్లితో ఇంటిపేరు మారినది. ఆస్తిపత్రాల్లో భర్త పేరు ఉన్నది. 'ఫలానా పిల్ల, వయస్సు 9 ఏండ్లు, ఈ సంవత్సరంలో ఈ పని ముగించినది' అనే అర్థం వచ్చే ఆ ఒక్క వరుస, లోకంలో ఆమె ఉండినదనడానికి మిగిలిన సాక్ష్యం. ఇందులో ఒక చిన్న వినోదమూ ఉన్నది. కొన్ని గుడ్డల్లో సంవత్సరపు చివరి అంకెల చోట కుట్టు విప్పిన గుర్తులు కనబడతవి. ఆ పిల్ల పెద్దదై, వయసు మళ్ళి, వచ్చిన చుట్టాలు గోడ చూచి తన వయసు లెక్కపెట్టకుండా ఆ అంకెలను ఊడదీసినదన్నమాట!

అందరూ సంతోషంతో కుట్టినారని అనుకొనరాదు. అమెరికా మచ్చుగుడ్డలను గూర్చి 1921లో వెలువడిన ఒక ప్రసిద్ధ గ్రంథం పాటీ పోక్ అనే పదేళ్ళ పిల్ల గుడ్డను పేర్కొన్నది. ఆ పిల్ల ఇందులో ప్రతి కుట్టునూ అసహ్యించుకొంటూ వేసినానని, తనకు చదువుకొనడమే ఎంతో ఇష్టమని ఆ గుడ్డ మీదనే కుట్టి పెట్టినదట. హవర్త్ గ్రామపు మతాచార్యుని కుమార్తెలు షార్లట్, ఎమిలీ, ఆన్ బ్రాంటీలు కూడ 1828, 1830 సంవత్సరాల మధ్య మచ్చుగుడ్డలు కుట్టినారు. అవి ఆ ఊరి ప్రదర్శనశాలలో ఉన్నవి. పూలు లేవు, రంగులు లేవు. మతగ్రంథ వాక్యాలు వరుస వెంట వరుసగా నల్లదారంతో నిండి ఉన్నవి. వాటిని చూచి ఈ ముగ్గురు పిల్లలు ఆంగ్ల నవలా సాహిత్యంలో శాశ్వత స్థానం పొందగలరని ఎవరూ ఊహించలేరు. వారు కుట్టుగుడ్డ చాటున, అరచేతిలో ఇమిడే చిట్టి పుస్తకాలు తయారుచేసి కథలు వ్రాసుకొంటూ వచ్చినారు. వారికి సూదితోబాటు కలమూ దొరికినది. దొరకనివారి మాట ఏమి?

దానికి సమాధానం చెప్పే గుడ్డ ఒకటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో ఉన్నది. ఇంగ్లండులోని ససెక్స్ ప్రాంతంలో అష్‌బర్న్‌హామ్ గ్రామంలో 1813లో ఒక బీద కూలివాని ఇంట పుట్టిన ఎలిజబెత్ పార్కర్, సుమారు 1830లో కుట్టినది. దానిలో అక్షరమాల లేదు. ఇల్లు లేదు, చెట్టు లేదు, పూలతీగ లేదు. తెల్లని గుడ్డ మీద ఎర్రదారంతో ఈ చివర నుంచి ఆ చివర వరకు మాటలే మాటలు. తనకు వ్రాయడం రాదు కనుక, దాపరికం లేకుండా ఈ విధంగా చెప్పుకొంటున్నానని మొదలుపెట్టి, తన జీవితాన్ని ఆమె కుట్టినది. పదమూడేళ్ళ వయసులో తల్లిదండ్రులను విడిచి పరుల ఇంట పిల్లలను ఆడించే పనికి కుదిరినది. పనిచేసిన చోట క్రూరమైన హింస పడినది. ఎవరికీ చెప్పుకొనలేకపోయినది. చనిపోదామన్న తలంపు మనసును పట్టుకొన్నది. ఆ పాపపు తలంపుకు భయపడి దైవాన్ని వేడుకొన్నది. చివరకు తన ఆత్మకు ఏ గతి పట్టునో అని అడుగుతూ ఉండగా వాక్యం మధ్యలో ఆగిపోయినది. ఆ క్రింద గుడ్డ ఖాళీగా ఉన్నది.

అక్షరం కుట్టడం ఆ పిల్లకు ఎందుకు నేర్పినారో ముందే చెప్పడమైనది. దుప్పటి మూలన యజమాని పేరు గుర్తు వేయడానికి నేర్పినారు. అణకువకు, ఓర్పుకు, మౌనానికి శిక్షణగా నేర్పినారు. ఆ శిక్షణనే ఆమె తన గొంతుగా చేసుకొన్నది. ఒక్కొక్క అక్షరానికి ఎన్నో కుట్లు. ఒక్కొక్క మాటకు ఎంతో సేపు. కోపంలో నోరు జారి అన్న మాట కాదది. ప్రతి అక్షరమూ పోగులు లెక్కపెట్టి, ఆలోచించి, నిలిపిన సాక్ష్యం.

ఖాళీగా మిగిలిన ఆ గుడ్డను చూచినవారు చాలకాలం ఆమె ఆత్మహత్య చేసుకొన్నదేమో అని శంకించినారు. ఆ తరువాత పరిశోధకులు గ్రామపు రికార్డులను వెదకి నిజం కనుగొన్నారు. ఎలిజబెత్ పార్కర్ చనిపోలేదు. ఆమె తన గ్రామంలోనే బడిపంతులమ్మ అయినది. 76 ఏండ్లు జీవించి 1889లో కన్నుమూసినది. వ్రాయడం రాదని దారంతో చెప్పుకొన్న పిల్ల, ఊరి పిల్లలకు చదువు చెప్పిన ఉపాధ్యాయిని కావడం కంటె గొప్ప ముగింపును ఆ ఆగిపోయిన వాక్యానికి ఏ కవీ కల్పించలేడు.

ఈ గుడ్డలను గూర్చి రెండు విధాల తీర్పులు వినవస్తవి. ఆ కాలంలో పిల్లలకు ఎంత ఓర్పు, ఎంత పనితనం ఉండెనో, నేటివారికి అది లేకపోయెనే అని నిట్టూర్చేవారు కొందరు. ఇదంతా ఆడపిల్లను అణచి ఉంచిన సంకెల, దీనిలో మెచ్చదగినది లేదు అని త్రోసివేసేవారు మరికొందరు. రెండూ సగం నిజాలు. చేతిపని వల్ల బుద్ధికి హాని లేదు. వెస్ట్‌టౌన్ బాలికల భూగోళం అందుకు తార్కాణం. హాని చేసినది ఏమంటే, చేతిపనిని ఆడపిల్లకు మాత్రమే, చదువుకు బదులుగా ఇవ్వడం. సూది ఇచ్చినందుకు కాదు, కలం ఇవ్వనందుకు ఆ సమాజం తప్పు చేసినది.

ఈ దేశంలో 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన బునియాదీ విద్య ఈ తప్పును సరిదిద్దే ప్రయత్నమే. చేతివృత్తి చదువుకు బదులు కాదు, చదువుకు కేంద్రమని, అది బాలురకూ బాలికలకూ సమానమని ఆయన భావించినారు. ఆచరణలో అది అనేకచోట్ల తకిలీ త్రిప్పే గంటగా దిగజారి, చివరకు మరుగున పడినది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరవ తరగతి నుంచి వృత్తుల పరిచయం ఉండవలెనని మళ్ళీ చెప్పినది. చెప్పినది ఆచరణలోకి రావలెనంటే ఒక్క నియమం గుర్తుంచుకొనవలెను. కుట్టుపని గంటలో మగపిల్లవాడు కూడ సూదిలో దారం ఎక్కించవలెను. లెక్కల గంటలో ఆడపిల్లను లేపి నీళ్ళు తెమ్మని, వరండా ఊడ్వమని పంపడం మానవలెను.

ఉపాధ్యాయులు ఈ గుడ్డల నుంచి నేర్వవలసినది మరొకటి ఉన్నది. బాలిక పని ముగించిన నాడు దాని మీద ఆమె పేరు, వయస్సు, సంవత్సరం నిలిపినారు. నేడు బడుల్లో పిల్లలు వ్రాసిన వ్యాసాలు, గీసిన బొమ్మలు, చేసిన వస్తువులు ఏడాది చివర తూకానికి పోతున్నవి. పరీక్షలో వచ్చిన అంకెలు మాత్రం భద్రంగా ఉంటవి. ప్రతి పాఠశాలలో ఒక్క బీరువా చాలు. ఏటేటా ప్రతి విద్యార్థి చేతిపని ఒక్కటి, తప్పులు దిద్దక, పేరుతో సహా దాచగలిగితే, ముప్పై ఏండ్ల తరువాత ఆ ఊరి చరిత్రకు అంతకు మించిన ఆకరం ఉండదు. తాను దిద్దిన వంకర అక్షరాన్ని తన బిడ్డకు చూపగలిగిన తల్లి, ఆ బిడ్డకు చదువంటే భయం పోగొట్టగలదు.

విద్యార్థినులు గ్రహించవలసినదీ ఉన్నది. ఎవరో ఒక ప్రయోజనానికి నేర్పిన విద్యను తమ ప్రయోజనానికి మలచుకొనవచ్చునని ఎలిజబెత్ పార్కర్ చూపినది. విద్య నేర్పినవాని ఉద్దేశం విద్యకు హద్దు కాదు. దుప్పటి మూలన ఒక అక్షరం వేయడం చేతనైతే, ఆ అక్షరాలతోనే ఒక జీవితం చెప్పవచ్చును.

ప్రతి తరగతిలోను చివరి బల్ల మీద మాట్లాడని పిల్ల ఒకతె ఉంటుంది. పుస్తకం నీటుగా ఉంటుంది, దస్తూరి ముచ్చటగా ఉంటుంది. మార్కులు వేసి తిరిగి ఇచ్చేటప్పుడు ఆ దస్తూరిని మెచ్చుకొనడంతో పంతులుగారి పని తీరదు. ఆ వరుసల్లో ఆమె ఏమి చెప్పదలచినదో, ఏ వాక్యం మధ్యలో ఆగిపోయినదో చదువవలెను. ఆగిపోయిన చోట తరువాతి మాట అందించవలసినవాడు ఉపాధ్యాయుడే.